గిద్దలూరు, అలంపురం, బళ్లారి, ఉదయగిరి: రాయలసీమ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది?

నల్లమల:
సీమ సాగునీటి గురించి ఈ మధ్య ఇక్కడ రాసిన కొందరు సభ్యులు, రాయలసీమ అంటే పాత కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు జిల్లాలు మాత్రమేనని తేల్చేశారు. ఆ లెక్కలో గిద్దలూరు, కంభం, మార్కాపురం లేవు. 1970 ఫిబ్రవరిలో ప్రకాశం జిల్లా ఏర్పడే వరకు కర్నూలు జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం, ఒక్క ప్రభుత్వ ఉత్తర్వుతో కోస్తా అయిపోయిందా? సీమ పొలిమేరలను దేన్నిబట్టి నిర్ణయించాలో తెలిసినవారు వివరంగా రాయాలని కోరుతున్నాను.

పెన్నేరు:
నా దృష్టిలో ఇందులో పెద్ద చిక్కేమీ లేదు. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేసిన ప్రాంతమే దత్తమండలం, దత్తమండలమే రాయలసీమ. 1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమ అనే పేరును ప్రతిపాదించింది ఈ ప్రాంతానికే. చరిత్ర ఇంత స్పష్టంగా గీత గీసి పెట్టినప్పుడు, మాట తీరు, తిండి, పంటలు అంటూ కొత్త కొలతలు తీసుకొస్తే చర్చ ఎప్పటికీ తెగదు. ఈ లెక్కన గిద్దలూరు సీమే, నెల్లూరు కాదు.

సగిలేరు:
పెన్నేరు గారు గిద్దలూరు విషయంలో చెప్పినది నాకూ సమ్మతమే గానీ, అక్కడికి ఆయన చేరుకున్న దారి నిలవదు. నిజాం ధారాదత్తం చేసిన నేలే సీమ అయితే, ముందుగా చిత్తూరును వదులుకోవలసి వస్తుంది. 1911లో ఏర్పడిన ఆ జిల్లాలో మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడప నుంచి వచ్చినవి కాబట్టి దత్తమండలానికి చెందుతాయి. చిత్తూరు, చంద్రగిరి, శ్రీకాళహస్తి ప్రాంతాలు మాత్రం ఉత్తర ఆర్కాటులోనివి. అవి 1801లో ఆర్కాటు నవాబు చేతి నుంచి కంపెనీకి వచ్చాయి, అదే ఏడు అదే నవాబు నుంచి నెల్లూరు కూడా వచ్చింది. ఒకే ఒప్పందంలో చేతులు మారిన రెండు ప్రాంతాలలో ఒకటి సీమలో కలిసింది, రెండవది కలవలేదు. ఇక బళ్లారి దత్తమండలంలో నడిబొడ్డు. అదేమో నేడు కర్ణాటకలో ఉంది. కర్నూలు నవాబు 1839 వరకు కంపెనీకి కప్పం కడుతూ తన ఏలుబడి తాను సాగించుకున్నాడు. కాబట్టి 1800 నాటి గీత ఒక ఆరంభమే తప్ప హద్దు కాదు.

గిద్దలూరు, కంభం ప్రాంతం పడమట నల్లమలకు, తూర్పున వెలికొండలకు మధ్యనున్న లోయ. గిద్దలూరు పక్కన పారే సగిలేరు దక్షిణానికి తిరిగి కడప జిల్లాలో ప్రవేశించి పెన్నలో కలుస్తుంది. ఆ పైనున్న కంభం దగ్గర గుండ్లకమ్మకు విజయనగర కాలంలో అడ్డంగా కట్ట వేస్తే ఆసియాలోని పెద్ద చెరువుల్లో ఒకటైన కంభం చెరువు ఏర్పడింది, ఆ చెరువు నిండి పొర్లిన నీరు మార్కాపురం మీదుగా ఒంగోలు వైపు పోయి సముద్రంలో కలుస్తుంది. అంటే ఒకే లోయలో పడిన వానలో కొంత సీమ వైపు, కొంత కోస్తా వైపు నడుస్తుంది. నదిని చూసి హద్దు గీద్దామనేవారు ఈ లోయను నిలువునా చీల్చవలసి వస్తుంది. లోయలో బతికేవారికి అలాంటి చీలిక ఎన్నడూ లేదు.

మరి దేన్నిబట్టి నిర్ణయించాలి? ఒకే కరువును పంచుకుని, దానికి ఒకే పరిష్కారాన్ని కలిసి అడిగిన ప్రజలున్నంత మేర రాయలసీమ అని నా అభిప్రాయం. కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య 1937 నవంబరు 16న కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక ఇందుకు నాకు ఆధారం. రాజధాని, హైకోర్టులలో ఒకటి, అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం, తుంగభద్ర, కృష్ణ, పెన్న జలాలలో ముందు హక్కు కావాలని అడిగినప్పుడే సీమ తనను తాను ఒక ప్రాంతంగా గుర్తుపట్టింది. ఆనాడు కర్నూలు జిల్లా వాసులుగా గిద్దలూరు, మార్కాపురం ప్రజలు ఆ అడిగిన పక్షంలోనే ఉన్నారు. ఈనాడు కూడా వెలిగొండ ప్రాజెక్టు కింద 43.5 టీఎంసీల కృష్ణా వరద నీటి కోసం, సీమలోని హంద్రీ నీవా, గాలేరు నగరి కాలువల ఆయకట్టు రైతుల్లాగే శ్రీశైలం జలాశయం వైపే చూస్తున్నారు. జిల్లా పేరు మారినంత మాత్రాన వారి ఎదురుచూపు మారలేదు.

తుంగభద్ర:
సగిలేరు గారి వాదన రాజకీయ ప్రాంతానికి సరిపోతుందేమో గానీ, సాంస్కృతిక ప్రాంతానికి సరిపోదు. ఒడంబడికలో సంతకాలు చేసినవారు నాయకులు. పల్లెల్లో కొలుపులు, జాతరలు, సేద్యపు పనిముట్ల పేర్లు, యాస, పెళ్లి సంబంధాలు ఏ ఒడంబడిక కోసమూ ఎదురుచూడలేదు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు వ్యవసాయ పదాలను ఊరూరా సేకరింపజేసి 1962లో మాండలిక వృత్తి పదకోశం వెలువరించినప్పుడు, నెల్లూరును కోస్తా నడిమి జిల్లాలతో కాక సీమ జిల్లాలతో కలిపి దక్షిణ మండలంగా చూపారు. రైతు నోటి మాటనుబట్టి తేలిన లెక్క అది. దాన్ని మనం పక్కన పెట్టలేము.

పడమటి వైపు, ఉత్తరం వైపు చూసినా ఇదే కనబడుతుంది. కర్నూలు నుంచి తుంగభద్ర దాటగానే అలంపురం ప్రాంతం మొదలవుతుంది. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో రాయచూరు జిల్లా కింద, ఆ తర్వాత మహబూబ్‌నగర్ కింద, 2016 నుంచి జోగులాంబ గద్వాల జిల్లా కింద ఉన్న ఆ ప్రాంతం ఆసుపత్రికైనా, అంగడికైనా, చదువుకైనా కర్నూలు మీదే ఆధారపడింది. మాటలోనూ రెండు గట్లకూ భేదం వెతుక్కోవలసిందే. బళ్లారి సంగతి మరీ బాధాకరం. ఆధునిక తెలుగు నాటకానికి ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, బళ్లారి రాఘవ ప్రాణం పోసిన ఊరు సీమ సంస్కృతికి వెలుపలిదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కర్ణాటకలోని చింతామణి తాలూకాలో కైవారం తాతయ్య తెలుగులో చెప్పిన తత్త్వాలను మదనపల్లె వైపు పల్లెల్లోనూ పాడుకుంటారు. సాంస్కృతిక రాయలసీమ నాలుగు జిల్లాల కంటే చాలా పెద్దది. దానికి అంచు అంటూ ఉండదు, పోనుపోను పలచబడుతుంది, అంతే.

సగిలేరు:
తుంగభద్ర గారూ, మీరు చెప్పిన పోలికలన్నీ ఉన్నాయి, వాటిని నేను కాదనడం లేదు. కానీ పోలిక ఉన్న చోటల్లా ప్రాంతం ఉందనుకుంటే, సీమను ఉత్తరాన గద్వాల దాకా, పడమట బళ్లారి దాటి, దక్షిణాన హొసూరు దాకా సాగదీయవలసి వస్తుంది. అప్పుడు ఆ పేరుకు పట్టు ఏముంటుంది?

అలంపురం ఉదాహరణనే తీసుకుందాం. రాజోలిబండ మళ్లింపు పథకం ఎడమ కాలువ నీరు అలంపురం, గద్వాల పొలాలకు పారాలి. అదే తుంగభద్రపై దిగువన సుంకేశుల నుంచి కర్నూలు కడప కాలువకు నీరు వెళ్లాలి. నీరు తగ్గిన ప్రతి ఏడూ ఈ రెండు గట్ల రైతులు ఎదురెదురుగా నిలబడుతున్నారు. యాస ఒకటే, అంగడి ఒకటే, వియ్యాలూ ఉన్నాయి, అయినా కష్టం వచ్చినప్పుడు మనవాళ్లు అన్న మాటలో వారు ఒకరినొకరు కలుపుకోవడం లేదు. సీమ లోపలా నీటి తగాదాలు ఉన్నాయి కదా అని మీరు అడగవచ్చు. తుంగభద్ర ఎగువ కాలువ నీటి గురించి అనంతపురం, కడప రైతులకు నడుమ పాత గొడవలే ఉన్నాయి. కానీ ఆ గొడవ ఒకే వాటాను పంచుకోవడంలో వచ్చింది. రాజోలిబండ గొడవ రెండు వేర్వేరు వాటాల మధ్య వచ్చి, రాష్ట్రాల పేరుతో నదీజలాల ట్రైబ్యునల్ ముందుకు వెళ్లింది.

బళ్లారి విషయంలో మీ బాధలో నాకూ పాలుంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం మనకు దక్కాయి, బళ్లారి మైసూరుకు వెళ్లింది. ఆదోనిలో, మడకశిరలో ఇంట్లో కన్నడం మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, వారు సీమవాసులు కారని ఎవరూ అనరు. బళ్లారిలో తెలుగు మాట్లాడేవారు మాత్రం సీమవాసులు అనిపించుకోవడం లేదు. భాషే హద్దు గీయగలిగితే ఈ లెక్క తలకిందులు కావలసింది. బళ్లారి లేకుండా సీమ చరిత్ర రాయలేము, బళ్లారిని కలుపుకుని నేటి సీమ గురించి మాట్లాడలేము.

వెలికొండ:
నేను నెల్లూరు జిల్లావాసిని. సగిలేరు గారు ఆధారంగా తీసుకున్న ఒడంబడికలోనే వారు ప్రస్తావించని ఒక ముఖ్యమైన సంగతి ఉంది. సాగునీటిలో ముందు హక్కు రాయలసీమకు ఒక్కదానికే కాక, రాయలసీమకూ నెల్లూరుకూ కలిపి రాశారు. నెల్లూరును విడిగా పేర్కొన్నారు కాబట్టి అది సీమ కాదని ఆనాటివారికి తెలుసు. అయినా ఇద్దరి కరువు ఒకటేనని కూడా వారికి తెలుసు.

ఇక్కడ జిల్లాను ఒకే ముద్దగా చూడటమే చిక్కంతా తెస్తోంది. నెల్లూరు, కోవూరు చుట్టూ పెన్న ఆనకట్ట కింద వరి పండే నేల వేరు. వెలికొండల కింద ఉదయగిరి మెట్ట వేరు. వానలోనూ తేడా ఉంది. మా జిల్లాకు, చిత్తూరు తూర్పు భాగానికి అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వచ్చే ఈశాన్య రుతుపవనాలే ఆధారం, అనంతపురానికి నైరుతి వానలే ముఖ్యం. ఈ కొలతతో చూస్తే శ్రీకాళహస్తి మాకు దగ్గర, అనంతపురానికి దూరం. 2022 ఏప్రిల్‌లో గూడూరు, వెంకటగిరి, సూళ్లూరుపేటలను తిరుపతి జిల్లాలో కలిపినప్పుడు, ఆ ఊళ్లు సీమలో చేరాయా అన్న ప్రశ్న ఎవరూ గట్టిగా అడగనైనా లేదు.

నెల్లూరు మొత్తాన్ని సీమలో కలపమని నేను అడగడం లేదు, సూళ్లూరుపేట తనను సీమ అనుకోవడం లేదు కూడా. కలిసి అడిగినవారే సీమ అన్న సగిలేరు గారి కొలతను మాత్రం జిల్లాల వారీగా కాక తాలూకాల వారీగా పెట్టి చూడమంటున్నాను. అప్పుడు గిద్దలూరుతో పాటు ఉదయగిరి పేరు కూడా చర్చకు వస్తుంది. వెలిగొండ నీరు అందవలసిన మెట్ట ప్రాంతాల్లో మా ఉదయగిరి కూడా ఉంది. గిద్దలూరును ఆ నీటిని చూపి సీమ అన్నవారు, ఉదయగిరిని ఏ కారణం చూపి కాదంటారో చెప్పాలి.