అప్‌డేట్: ల్యాప్‌టాప్‌లో సినిమా మాటలు ఇప్పుడు స్పష్టంగా వినిపిస్తున్నాయి

పాటలు గట్టిగానే పలుకుతున్నా, సినిమాలో మాటలు మాత్రం పూర్తి వాల్యూమ్‌లోనూ గొణిగినట్టు వినిపిస్తున్నాయని, పర్లాకిమిడిలోని మా ఇంట్లో అమ్మ తెర దగ్గరికి జరిగి కూర్చోవలసి వస్తోందని ఇంతకుముందు అడిగాను. సమస్య తీరింది, సలహా ఇచ్చిన ప్రతి ఒక్కరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

లోపం స్పీకర్లలో లేదు. ఆ సినిమా ఫైళ్లలో ఉన్నది 5.1 ఆడియో, అంటే ఆరు ఛానెళ్లుగా విడదీసిన శబ్దం; అందులో మాటలు ఎక్కువగా మధ్య ఛానెల్‌లో ఉంటాయి కాబట్టి, ఛానెళ్లన్నిటినీ ల్యాప్‌టాప్‌లోని రెండు స్పీకర్లకు కుదించేటప్పుడు నేపథ్య సంగీతం ముందుకు వచ్చి సంభాషణ వెనకబడుతుంది. వీఎల్‌సీ ప్లేయర్ ఆడియో మెనూలో విడిగా స్టీరియో ట్రాక్ (రెండు స్పీకర్ల కోసం చేసినది) కనిపించిన సినిమాలకు దానిని ఎంచుకుంటే సరిపోయింది. లేనివాటికి కీబోర్డ్‌లో Ctrl, E మీటలు కలిపి నొక్కి, ఆడియో ఎఫెక్ట్స్‌లోని కంప్రెసర్‌ను ఆన్ చేసి, మేకప్ గెయిన్‌ను (అణిచిన తర్వాత మొత్తం శబ్దాన్ని పెంచే స్లైడర్) కొద్దికొద్దిగా పెంచాను. పెద్ద శబ్దాలు అణిగి, చిన్న మాటలు పైకి తేలాయి. ఫ్యాన్ పూర్తి వేగంతో తిరుగుతున్నా అమ్మ ఇప్పుడు మంచం మీద నుంచే వింటోంది. వాల్యూమ్ స్లైడర్‌ను 100 శాతం దాటించడం కన్నా ఇదే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే అలా దాటిస్తే ఫైట్ల దగ్గర శబ్దం పగిలిపోతోంది.

విండోస్‌లో లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్ (పెద్ద, చిన్న శబ్దాల మధ్య తేడాను తగ్గించే సెట్టింగ్) ఆన్ చేయమన్నవారికి: నా సౌండ్ డ్రైవర్‌లో ఆ ఎంపిక లేదు. మీ ల్యాప్‌టాప్‌లో ఉంటే ముందు దానినే ప్రయత్నించండి. అది బ్రౌజర్‌లో చూసే సినిమాలకూ పనిచేస్తుంది.