గాల్వెస్టన్ క్రూయిజ్‌కు ముందు మిగిలింది ఒక్క వారాంతమే: ఏ పని ముందు, ఏ పని తరువాత?

ప్లేనో కోడలు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మేము డాలస్ దగ్గర ప్లేనోలో ఉంటాము. క్రిస్మస్ సెలవులకు గాల్వెస్టన్ రేవు నుండి బయలుదేరి రోవటాన్, కోస్టా మాయా, కోజుమెల్‌లలో ఆగి తిరిగి గాల్వెస్టన్‌కే చేరే ఏడు రాత్రుల క్రూయిజ్‌కు వేసవిలోనే టికెట్లు తీసుకున్నాము. ఓడ ఈ ఆదివారం మధ్యాహ్నం కదులుతుంది. మావారు, నేను, ఇక్కడే పుట్టిన ఇద్దరు పిల్లలు, సందర్శక వీసా మీద వచ్చి మా దగ్గరే ఉంటున్న అత్తగారు, మామగారు, ఆస్టిన్‌లో ఉద్యోగం చేస్తున్న మా మరిది కలిసి వెళ్లాలని అనుకున్నాము.

శుక్రవారం సాయంత్రం దాకా నాకు ఆఫీసు ఉంది. పిల్లలకు ఆ రోజే బడి ఆఖరు కాబట్టి టీచర్లకు ఇవ్వవలసిన కానుకలు గురువారం రాత్రికే సిద్ధం కావాలి. శనివారం మధ్యాహ్నం మా కాలనీలో పండుగ విందు ఉంది, దానికి పులిహోర తెస్తానని ఎప్పుడో ఒప్పుకున్నాను. ఇది ధనుర్మాసం కావడం వల్ల అత్తగారు తెల్లవారకముందే లేచి తిరుప్పావై చదువుకుని, దీపం పెట్టి, పొంగలి నివేదన చేస్తారు. ఓడలో కూడా ఆ నియమం తప్పకూడదని ఆవిడ కోరిక. పైగా మామగారికి ఓడ భోజనం సహించదేమోనని ఉసిరికాయ పచ్చడి, కందిపొడి, చేగోడీలు డబ్బాలకెత్తి, చిన్న రైస్ కుక్కర్‌ను కూడా సూట్‌కేసు పక్కన పెట్టారు. వీటిలో ఏవి ఓడలోకి రానిస్తారు?

అన్నిటికంటే నన్ను కలవరపెడుతున్నది మరిది సంగతి. ఇక్కడే చదువు ముగించి, దేశం దాటకుండానే ఎఫ్-1 (విద్యార్థి హోదా) నుండి హెచ్-1బి (ఉద్యోగ హోదా)కి మారాడు. పాస్‌పోర్టులో ఉన్న పాత ఎఫ్-1 స్టాంపు గడువు నిరుడే తీరిపోయింది. హెచ్-1బి ఆమోదపత్రం, దానితో వచ్చిన ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండవచ్చో తెలిపే పత్రం) మాత్రం చెల్లుబాటులోనే ఉన్నాయి. ఎక్కిన రేవులోనే దిగుతాము కనుక వీసా స్టాంపుతో పనిలేదని అతని స్నేహితులు అంటున్నారట. అది నిజమేనా? ఉన్న ఈ కొద్దిపాటి సమయంలో ఏ పని ముందు పెట్టుకోవాలో అనుభవజ్ఞులు చెప్పగలరు.

హ్యూస్టన్ పాతకాపు ఇచ్చిన సమాధానం:

మీ మరిది విషయంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మిగిలినవన్నీ శనివారం రాత్రి అయినా సర్దుకోవచ్చు, ఇది మాత్రం రేపు ఉదయానికే తేలాలి. గడువు తీరిన స్టాంపుతో తిరిగి రావడానికి అమెరికా నిబంధనల్లో ఒక వెసులుబాటు ఉన్న మాట వాస్తవమే. చెల్లుబాటులో ఉన్న ఐ-94 చేతిలో ఉండి, ముప్పై రోజులకు మించకుండా కెనడాకో మెక్సికోకో మాత్రమే వెళ్లివచ్చినవారికి, పాత స్టాంపు ఎఫ్-1దై ప్రస్తుత హోదా హెచ్-1బి అయినా సరే, ఆ స్టాంపునే చెల్లుబాటు అయినట్లుగా పరిగణిస్తారు. ఎఫ్, జె వీసాల మీద ఉన్న విద్యార్థులకైతే క్యూబా మినహా పొరుగు ద్వీపాలకు కూడా ఇది వర్తిస్తుంది. హెచ్-1బి వారికి ఆ ద్వీపాల సౌకర్యం లేదు.

ఇప్పుడు మీ ఓడ ఆగే రేవులు చూడండి. కోస్టా మాయా, కోజుమెల్ మెక్సికోవి, వాటితో చిక్కు లేదు. రోవటాన్ మాత్రం హోండురాస్‌ది. ఆ ఒక్క మజిలీతో మీ మరిది ఈ వెసులుబాటు పరిధి దాటిపోతాడు. ఎక్కిన రేవులోనే దిగడం అన్న మాట పుట్టినది అమెరికా పౌరుల కోసం: అలాంటి ప్రయాణాల్లో వారు పాస్‌పోర్టు లేకున్నా జనన ధ్రువపత్రం, ఫోటో గుర్తింపు కార్డులతో తిరిగి రావచ్చు. మీ పిల్లలకు అది పనికివస్తుంది, మీ మరిదికి కాదు. రోవటాన్‌లో ఓడ దిగకుండా గదిలోనే కూర్చుంటే సరిపోతుందని ఎవరైనా చెబితే ఆ మాట మీద ఉద్యోగాన్ని పణంగా పెట్టవద్దు. అతని కంపెనీ తరఫున కాగితాలు చూసే ఇమ్మిగ్రేషన్ లాయరును రేపు తెల్లవారగానే అడిగించండి. లాయరు వద్దంటే టికెట్టు డబ్బు పోయిందనుకుని ఆగిపోవడమే మేలు. చిక్కు తిరుగు ప్రయాణం దాకా ఆగుతుందనీ అనుకోవద్దు. కాగితాలు చాలవని అనిపిస్తే క్రూయిజ్ కౌంటరు వారు ఎక్కేటప్పుడే నిలిపివేస్తారు.

అత్తమామలకు ఇంత ఇబ్బంది ఉండదు. వారి వీసా అనేకసార్లు ప్రవేశానికి అనుమతించేదే కదా, ఒకసారి చూసుకోండి. చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉన్న భారతీయులను మెక్సికో వేరే వీసా అడగదు. ఒరిజినల్ పాస్‌పోర్టులు, ఐ-94 ప్రింటు చేతిసంచిలో పెట్టుకోండి. ఒక్క మాట మాత్రం వారికి ముందే చెప్పండి: ఇలాంటి చిన్న ప్రయాణం నుండి తిరిగి వచ్చినప్పుడు సాధారణంగా పాత ఐ-94 గడువే కొనసాగుతుంది కాబట్టి, క్రూయిజ్‌కు వెళ్లివస్తే మరో ఆరు నెలలు దొరుకుతాయన్న ఆశ పెట్టుకోకూడదు. ఈ ఆశతోనే టికెట్లు కొనేవారిని హ్యూస్టన్‌లో చాలామందిని చూశాను.

ఇర్వింగ్ అమ్మమ్మ ఇచ్చిన సమాధానం:

అమ్మా, కాగితాల సంగతి పాతకాపు గారు చెప్పారు కనుక నేను వంటింటి విషయానికి వస్తాను. రైస్ కుక్కరును ఇప్పుడే అలమరలో పెట్టేయి. వేడి పుట్టించే పరికరం ఏదైనా, అంటే కుక్కరు, ఎలక్ట్రిక్ కెటిల్, ఇస్త్రీ పెట్టె వంటివి, నిప్పు భయం వల్ల క్రూయిజ్ కంపెనీలు గదుల్లోకి రానివ్వవు. స్కానరులో కనబడగానే తీసి పక్కన పెట్టి, ప్రయాణం చివర అప్పగిస్తారు. సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డులకూ ఇదే గతి. ఇంట్లో వండిన పదార్థాలను కూడా సాధారణంగా ఒప్పుకోరు, అందువల్ల ఆ పచ్చడి డబ్బా ఇంటి ఫ్రిజ్‌లోనే ఉండనీ. కంపెనీ సీలు వేసిన పొట్లాలకు ఎక్కువ చోట్ల అభ్యంతరం ఉండదు. కాబట్టి ఇండియన్ స్టోరులో కందిపొడి, కారప్పూస చిన్న పొట్లాలు కొని, సీలు విప్పకుండా పెట్టు. మీ కంపెనీ నియమాల పేజీ కూడా ఒకసారి చదువుకో.

మామగారి భోజనం గురించి అంత బెంగ అక్కరలేదు. భారతీయ శాకాహారం కావాలని బుకింగ్‌లో ఇప్పుడే రాయించు. అంతటితో ఊరుకోకుండా, మొదటి రాత్రి పెద్ద భోజనశాలలో హెడ్ వెయిటరును పిలిచి, మరునాటికి పప్పు, కూర, అన్నం ఏర్పాటు చేయగలరా అని నెమ్మదిగా అడుగు. ముందురోజు చెబితే వంటవారు వేరుగా చేసిపెడతారు. పక్కన ఒక చిన్న గిన్నెలో పచ్చిమిర్చి చీలికలు, నిమ్మబద్ద, ఉప్పు తెమ్మంటే, మావారు ఆ గిన్నెతోనే వారమంతా గడిపేశారు! పెరుగు ఉదయం బఫేలో ఉంటుంది. అన్నంతోపాటు రాత్రికి కూడా కావాలని అడిగితే తెచ్చి ఇస్తారు. రేవులో దిగేటప్పుడు మాత్రం బఫేలోని అరటిపళ్లు సంచిలో వేసుకోవద్దని పెద్దవాళ్లకు చెప్పు. పళ్లు ఒడ్డుకు తీసుకుపోనివ్వరు.

అత్తగారి పూజకు ఒకటే అడ్డంకి, నిప్పు. ఒత్తి దీపం, అగరొత్తులు, కర్పూరం ఏవీ గదిలో వెలిగించకూడదు, నలుగురూ పడుకునే ఓడలో ఆ నియమాన్ని తప్పుపట్టలేము కూడా. బ్యాటరీతో వెలిగే చిన్న దీపం కొనిపెట్టు. తిరుప్పావై పుస్తకం, అరచేతిలో పట్టే పటం, చిన్న డబ్బాలో పసుపు కుంకుమలు చాలు. పొంగలి బదులు సీలు విప్పని పటికబెల్లం, ఎండుద్రాక్ష నివేదన చేయవచ్చు. ధనుర్మాసంలో వేకువన లేవడం ముఖ్యమంటావు కదా, ఆ వేళకు పైడెక్ మీద మనుషుల అలికిడి ఉండదు, సముద్రం మీద తెల్లవారడం చూస్తూ పాశురం చదువుకోవడానికి ఆవిడే రోజూ అందరికంటే ముందు లేస్తారు.

ఇక శనివారం విందు. ఆ పులిహోర నువ్వు చేయకపోతే కాలనీ ఏమీ ఆగిపోదమ్మా. రెస్టారెంటు నుండి ఒక ట్రే తెప్పించు. మరీ మనసొప్పకపోతే శుక్రవారం రాత్రే పులుసు ఉడికించి పెట్టుకుని, మర్నాడు ఉదయం అన్నంలో కలుపు.

గార్లండ్ వాసి ఇచ్చిన సమాధానం:

సర్దుకోవడం గురించి నాదొక్క మాట. పెద్ద సూట్‌కేసులను రేవులో పోర్టర్లకు అప్పగించిన తరువాత అవి మీ గది తలుపు దగ్గరకు చేరేసరికి సాయంత్రమో, రాత్రో అవుతుంది. అందువల్ల మామగారి మందులు వాటి అసలు డబ్బాల్లోనే, చీటీతో సహా మీ చేతిసంచిలో ఉండాలి. పాస్‌పోర్టులు, చార్జర్లు, పిల్లల ఈత బట్టలు, అత్తగారికి ఒక జత మార్పు బట్టలు కూడా అందులోనే పెట్టండి. ఈత బట్టలు సూట్‌కేసులో ఉంటే, కొలను ఎదురుగా కనబడుతూ ఉన్న ఆ మొదటి మధ్యాహ్నమంతా పిల్లలు మీ ప్రాణం తీస్తారు. సామాను చీటీలను ఇంట్లోనే ప్రింటు తీసి, పిడికి చుట్టి స్టేపుల్ చేయండి, పైన టేపు కూడా వేయండి.

చలికాలంలో మెక్సికో గల్ఫ్ జలాలు ఒక్కోసారి బాగా ఊపుతాయి. కడుపులో తిప్పడం మొదలైన తరువాత మాత్ర వేసుకుంటే పెద్దగా పనిచేయదు, ముందే వేసుకోవాలి. ఇందుకు వాడే మెక్లిజీన్ మాత్ర పెద్దవారికి మగత కలిగించవచ్చు, వారి ఇతర మందులతో పొసుగుతుందో లేదో ఫార్మసీలో అడిగి తీసుకోండి. చేతులు శుభ్రం చేసుకోవడంలో శానిటైజరును నమ్ముకోవద్దు. ఓడల్లో వాంతులు, విరేచనాలు వ్యాపింపజేసే నోరోవైరస్‌కు సబ్బు, నీళ్లే సరైన మందు.

ఓడ ఎక్కగానే భద్రతా కవాతు, అంటే ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో చూపే అభ్యాసం, ఉంటుంది, ఎవరికీ మినహాయింపు లేదు. 2012 జనవరిలో ఇటలీ తీరాన కోస్టా కాంకార్డియా ఒరిగిపోయి 32 మంది చనిపోయినప్పుడు, ఆ రోజే ఎక్కిన ప్రయాణికులకు అప్పటికింకా కవాతు జరగలేదు. ఓడ కదలకముందో, కదలగానేనో అది ముగిసి తీరాలని తరువాత అంతర్జాతీయ నియమాన్ని మార్చారు. మామగారు మెట్లు ఎక్కలేకపోతే మీ గుంపు చేరవలసిన చోటికి దగ్గరి దారి ఏదో సిబ్బందిని అప్పుడే అడిగి తెలుసుకోండి.

ప్లేనో కోడలు:

అందరికీ ధన్యవాదాలు. లాయరుగారు కూడా రోవటాన్ ఉన్నంతవరకు వెళ్లవద్దని ఖరాఖండిగా చెప్పారు. మరిది కాసేపు బాధపడ్డాడు గానీ, సెలవులకు మా ఇంట్లోనే ఉండి స్నేహితులను పిలుచుకుంటానని ఒప్పుకున్నాడు. అత్తగారు మాత్రం చిన్న కొడుకును వదిలి తాను కదలనని రాత్రంతా పట్టుబట్టి, పచ్చడి డబ్బా అతనికే మిగులుతుందని తెలిసిన తరువాత మెత్తబడ్డారు. పులిహోర ట్రే ఆర్డరు ఇచ్చేశాను. ఇక ఆదివారం ఉదయమే ప్లేనో నుండి బయలుదేరితే రేవుకు సమయానికి చేరగలమా? లేక ముందురోజే వెళ్లి ఎక్కడైనా ఉండడం మంచిదా?

హ్యూస్టన్ పాతకాపు:

శనివారం విందులో కాసేపు కనబడి, మధ్యాహ్నం రెండుకల్లా బయలుదేరండి. ఐ-45 రహదారి మీద గాల్వెస్టన్‌కు ఏ ఆటంకం లేకపోయినా ఐదు గంటల దాకా పడుతుంది. సెలవుల వారాంతంలో హ్యూస్టన్ దాటడానికి పట్టే సమయం ఆ దేవుడికే ఎరుక. ఆదివారం ఉదయం ఒక్క ప్రమాదం వల్ల రోడ్డు మూసుకుపోయినా ఓడ మీ కోసం ఆగదు. రాత్రికి హ్యూస్టన్ దక్షిణాన ఏదో ఒక హోటల్లో ఉండండి. అక్కడికి పెర్‌లాండ్ మీనాక్షి అమ్మవారి గుడి దగ్గరే కనుక, మీ అత్తగారు ఆదివారం ఉదయం దర్శనం చేసుకుని బయలుదేరవచ్చు. గుడి తెరిచే వేళలు ముందుగా చూసుకోండి. చెక్-ఇన్‌లో మీకు కేటాయించిన సమయం కంటే ముందే రేవుకు వెళ్లినా లోపలికి పంపరు, కాబట్టి తొందరపడనక్కరలేదు. కారు నిలపడానికి చోటు మాత్రం ఈ రాత్రే ఆన్‌లైన్‌లో తీసుకోండి. మామగారికి చక్రాల కుర్చీ కావాలంటే క్రూయిజ్ కంపెనీకి ఫోన్ చేసి ఇప్పుడే నమోదు చేయించండి.

గాల్వెస్టన్‌లో శీతాకాలపు పొగమంచు పట్టినప్పుడు ఓడల రాకపోకలను నిలిపివేయడం మామూలే. ముందు ప్రయాణం ముగించుకుని రావలసిన ఓడ ఆలస్యమైతే మీరు ఎక్కడం కూడా ఆలస్యమవుతుంది. కంపెనీ పంపే సందేశాల కోసం ఫోను చూస్తూ ఉండండి. ఇంకొకటి, కోజుమెల్, కోస్టా మాయా ఉన్న కింతానా రో రాష్ట్రం 2015 నుండి ఏడాది పొడవునా ఒకే కాలమానం పాటిస్తోంది, చలికాలంలో అది టెక్సస్ కంటే ఒక గంట ముందుంటుంది. మీ ఫోను అక్కడి గంట చూపిస్తుంది, ఓడ మాత్రం తన గంట ప్రకారమే కదులుతుంది. ఒడ్డుకు దిగేముందు ఓడ గడియారం చూసి, మీవారికి ఒక చేతి గడియారం పెట్టించండి.

మరిది ఇంట్లోనే ఉంటున్నాడు కనుక, బయటి కుళాయిలకు తొడుగులు వేయించండి. గడ్డకట్టే చలి వస్తుందని హెచ్చరిక వస్తే రాత్రిళ్లు కుళాయిని సన్నని ధారగా వదిలి ఉంచమని చెప్పండి. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో డాలస్ ఇళ్లలో పైపులు పగిలి పైకప్పులు కూలిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. నీటి మెయిన్ వాల్వు ఎక్కడుందో బయలుదేరేముందే అతనికి చూపించండి.