వాటర్స్ లేని పింక్ ఫ్లాయిడ్‌ను పింక్ ఫ్లాయిడ్ అనొచ్చా?

గోడమీదపిల్లి: బ్రిటిష్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్‌కి పాటలు రాసే రోజర్ వాటర్స్ 1985లో బయటికి వెళ్లిపోయాక గిటారిస్ట్ డేవిడ్ గిల్మర్ అదే పేరుతో 'ఎ మొమెంటరీ ల్యాప్స్ ఆఫ్ రీజన్' (1987), 'ది డివిజన్ బెల్' (1994) తెచ్చాడు. పేరు కోసం లాయర్ల దాకా వెళ్లారు. నా లెక్కలో అవి రెండూ గిల్మర్ సోలో ఆల్బమ్‌లే. మాటలు రాసే మనిషి పోయాక మిగిలింది లేజర్ షో. కాదనేవాళ్లు రండి.

లెస్లీస్పీకర్: ఈ గొడవ ఎప్పుడొచ్చినా వాటర్సా, గిల్మరా అనే కొట్టుకుంటారు. కీబోర్డ్ దగ్గర కూర్చున్న రిక్ రైట్ ఎవరికీ గుర్తురాడు. నన్నడిగితే ఆ బ్యాండ్ సౌండ్‌లో సగం ఆయనదే.

'మెడిల్' (1971)లోని 'ఎకోస్' వినండి. ఒకే ఒక్క పియానో స్వరాన్ని లెస్లీ స్పీకర్ (లోపల గిరగిర తిరుగుతూ శబ్దాన్ని ఊపే స్పీకర్) గుండా పంపితే, నూతిలో నీటిబొట్టు పడ్డట్టు 'టింగ్' మంటుంది. 23 నిమిషాల పాట అక్కణ్ణుంచే పుట్టింది. 'ది డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' (1973)లో 'అస్ అండ్ దెమ్' ట్యూన్ రైట్‌దే. మొదట 'జబ్రిస్కీ పాయింట్' సినిమా కోసం కడితే డైరెక్టర్ ఆంటోనియోని వద్దన్నాడు, మన అదృష్టం. 'ది గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై' కూడా ఆయన కట్టిందే. అందులో గాయని క్లేర్ టోరీ ఒక్క మాట కూడా లేకుండా గొంతుతోనే ఏడిపిస్తుంది. ఆ రోజు ఆమె చేతిలో పెట్టింది 30 పౌండ్లు! ఆమె కోర్టుకెక్కితే, 2005లో రాజీ కుదిరాక గానీ రైట్ పేరు పక్కన ఆమె పేరు పడలేదు. బ్యాండంటే వాటర్స్ మాటలే అయితే, మాటల్లేని ఈ పాట సంగతేంటి?

ఇక 'యానిమల్స్' (1977)కి రండి. 'షీప్' మొదట్లో వచ్చే ఎలక్ట్రిక్ పియానో రైట్‌దే, అయినా ఒక్క పాటకీ ఆయన పేరు లేదు. 'ది వాల్' (1979) రికార్డింగ్ అప్పుడు వాటర్స్ పట్టుబట్టి ఆయన్ని బ్యాండ్‌లోంచి పంపించేశాడు. తర్వాత టూర్‌లో జీతానికి వాయించాడు. తమాషా ఏంటంటే ఆ టూర్‌లో మిగతా ముగ్గురికీ చేతి చమురు వదిలింది, జీతగాడొక్కడే డబ్బు కళ్లజూశాడు. 'ది ఫైనల్ కట్' (1983)లో రైట్ అసలు లేడు. దాని అట్ట మీద ఏముందో తెలుసుగా? రచన రోజర్ వాటర్స్, వాయించింది పింక్ ఫ్లాయిడ్ అని. సోలో ఆల్బమ్ అని తిట్టాలంటే ముందు దాన్ని తిట్టండి.

గోడమీదపిల్లి: అన్నా, సౌండ్ సంగతి సరే. కానీ 'యానిమల్స్' బలం ఆ కోపంలో ఉంది. 'డాగ్స్' 17 నిమిషాల పాటు డబ్బు వెంట పరిగెత్తేవాళ్ల తోలు తీస్తుంది. అయినా 1987 ఆల్బమ్‌లో మీ రైట్ వాయించిందెంత? మెంబర్‌గా పేరు కూడా వేయలేదు, బయటివాళ్లను పిలిచి నింపేశారు.

లెస్లీస్పీకర్: 1987 ఆల్బమ్‌ను నేనేం వెనకేసుకు రావడంలేదు తమ్ముడూ. 2019లో దాన్ని మళ్లీ మిక్స్ చేసి, రైట్ కీబోర్డులు చేర్చి, బ్యాండ్ డ్రమ్మర్ నిక్ మేసన్‌తో డ్రమ్స్ కొత్తగా వాయింపించారు. అంటే ఏది తక్కువైందో వాళ్లకీ తెలుసు. 'డివిజన్ బెల్' అలా కాదు. అందులో ఐదు పాటల్లో రైట్ చెయ్యి ఉంది. 'వేరింగ్ ద ఇన్‌సైడ్ అవుట్' ఆయనే పాడాడు కూడా.

పాతక్యాసెట్: మీ ఇద్దరిదీ ఆస్తి తగాదా. సిడ్ బారెట్ ఊసే లేదు! 1967లో వచ్చిన మొదటి ఆల్బమ్‌లో పాటలు దాదాపు అన్నీ ఆయనవే. 'గోడమీదపిల్లి' గారి లెక్క ప్రకారం రాసేవాడు పోతే బ్యాండ్ పోయినట్టే కదా, మరి 1968లో సిడ్ బ్యాండ్ వదిలి పోయినప్పుడే దుకాణం మూసేయాలి. అప్పుడు 'డార్క్ సైడ్' కూడా నకిలీయే. ఒప్పుకుంటారా?

గోడమీదపిల్లి: సిడ్ పోయాక రాయడానికి వాటర్స్ దొరికాడు. వాటర్స్ పోయాక ఎవరు దొరికారు? 'డివిజన్ బెల్' మాటల్లో చాలావరకు గిల్మర్, ఆయనతో కలిసి రచయిత్రి పోలీ శాంసన్ రాసినవి. మ్యూజిక్ గురించి ఇంక వాదించను. 'డాగ్స్' పక్కన నిలబడే మాటలున్న పాట ఆ ఆల్బమ్‌లో ఒక్కటి చూపించండి, మళ్లీ మాట్లాడదాం. 'హై హోప్స్' అని మాత్రం అనకండి, అది అందరూ చెప్పేదే.