తంబూరా ఫేడ్‌లో గరగర: 16 బిట్‌కి దించేటప్పుడు షేప్డ్ డిథర్ పెడితే హిస్ ఎందుకు పెరుగుతోంది?

ఎంవీపీ_వీణ:
విశాఖ కళాభారతిలో రికార్డ్ చేసిన వీణ కచేరీ 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో ఉంది. సీడీ కోసం 16 బిట్, 44.1కి దించాలి. చివర్లో తంబూరా సన్నగిల్లే చోట గరగర వస్తోంది. సి భాషలో రాసుకున్న ప్రోగ్రామ్‌తో త్రిభుజాకార డిథర్ (రౌండ్ చేసే ముందు కలిపే సన్నటి ర్యాండమ్ నాయిస్) కలిపితే గరగర పోయి సన్నటి హిస్ మిగిలింది. అదీ తగ్గుతుందని ఆడియో పరిశోధకుడు లిప్‌షిట్జ్ ఇచ్చిన ఐదు గుణకాలతో షేపింగ్ (నాయిస్‌ని చెవికి తక్కువ ఆనే ఫ్రీక్వెన్సీల వైపు నెట్టడం) పెడితే హిస్ ఇంకా పెరిగింది. రెండు చానెళ్లకీ ఒకే ర్యాండమ్ సంఖ్య ఇస్తున్నాను. తేడా ఎక్కడ కొడుతోందండీ?

గాజువాక_డీఎస్పీ:
ముందు ప్లస్, మైనస్ చూడండి. శాంపిల్‌ని 32768తో హెచ్చించి 16 బిట్ మెట్లలోకి తెచ్చాక గత ఐదు ఎర్రర్లను (రౌండ్ చేయడంలో వచ్చిన తేడాలను) 2.033, −2.165, 1.959, −1.590, 0.6149తో గుణించి, ఆ మొత్తాన్ని శాంపిల్ నుంచి తీసేయండి. వచ్చినదాన్ని పక్కన దాచుకుని, డిథర్ కలిపి రౌండ్ చేయండి. రౌండ్ అయిన విలువలోంచి ఆ దాచిన విలువ తీసేస్తే కొత్త ఎర్రర్. అంటే డిథర్ కూడా ఎర్రర్‌లో భాగమే. దాన్ని బయట వదిలేస్తే డిథర్ నాయిస్ షేప్ అవ్వకుండా అలాగే ఉండిపోతుంది.

కొన్ని పుస్తకాల్లో ఎర్రర్‌ని తిరగేసి రాస్తారు, అప్పుడు తీసేయడానికి బదులు కలపాలి. రెండు పద్ధతులూ కలగలిస్తే, అట్టడుగు ఫ్రీక్వెన్సీల్లో 16 డీబీ పైగా తగ్గాల్సిన నాయిస్ 5 డీబీ పెరుగుతుంది. మీ లక్షణం అచ్చం ఇదే. గుర్తు సరిగ్గా ఉన్నా మొత్తం నాయిస్ శక్తి 12 డీబీ పెరుగుతుంది, మీటర్ చూసి కంగారు పడకండి. ఆ పెరుగుదల చెవికి అంతగా ఆనని పై కొసకి చేరుతుంది.

భీమిలి_ఆడియో:
రెండు చానెళ్లకీ ఒకే డిథర్ వద్దు, హిస్ సరిగ్గా మధ్యలో, వీణ ఉండే చోట కూర్చుంటుంది. వేర్వేరు సీడ్‌లతో (ప్రారంభ సంఖ్యలతో) రెండు ర్యాండమ్ జనరేటర్లు పెట్టండి. ప్రతి శాంపిల్‌కీ −0.5, +0.5 మధ్య రెండు స్వతంత్ర సంఖ్యలు తీసి కూడితే త్రిభుజాకార డిథర్ వస్తుంది. ఒక్కటే తీస్తే సంగీతంతో పాటు నాయిస్ ఎగిసిపడుతుంది. ఇంకోటి: సి భాషలో నేరుగా ఇంటీజర్‌గా మారిస్తే సున్నా వైపు కత్తిరిస్తుంది, సున్నా దగ్గర మెట్టు రెట్టింపు వెడల్పవుతుంది. 0.5 కలిపి ఫ్లోర్ చేయండి.

ఎంవీపీ_వీణ:
గుర్తే తిరగబడింది, సరిచేశాను. 44.1కి మార్చడం ముందా, డిథర్ ముందా?

గాజువాక_డీఎస్పీ:
44.1 ముందు. ఈ గుణకాలు ఆ రేటుకే లెక్కకట్టినవి, 4 కిలోహెర్ట్జ్ చుట్టూ నాయిస్ తగ్గే లోయ 96 కిలోహెర్ట్జ్ రేటులో 8.7 దగ్గరికి జరిగిపోతుంది. ఈక్యూ (టోన్ సర్దుబాటు), ఫేడ్, వాల్యూమ్ అన్నీ అయ్యాకే డిథర్, అదీ ఒక్కసారే. శిఖరాలు −0.1 డీబీ దాటనివ్వకండి. క్లిప్ అయితే పెద్ద ఎర్రర్ ఫీడ్‌బ్యాక్‌లోకి వెళ్లి టిక్‌మంటుంది.

పరీక్షకి −100 డీబీ సైన్ (ఒకే ఫ్రీక్వెన్సీ ఉన్న శుద్ధ స్వరం), 1 కిలోహెర్ట్జ్ పంపండి. డిథర్ లేకుండా రౌండ్ చేస్తే ఫైల్ నిండా సున్నాలే ఉంటాయి. డిథర్ సరిగ్గా పడితే ఎఫ్‌ఎఫ్‌టీలో (ఫ్రీక్వెన్సీల గ్రాఫ్‌లో) 1 కిలోహెర్ట్జ్ దగ్గర ఒంటరి గీత నిలబడాలి, 3, 5 కిలోహెర్ట్జ్ దగ్గర ఏమీ లేవకూడదు.