గతంలోకి వెళ్లే సాహస నవల, నేరుగా తెలుగులో రాసినది కావాలి

ఇంగ్లీషు రచయిత హెచ్.జి. వెల్స్ 1895 నాటి ‘ది టైమ్ మెషీన్’లో కథానాయకుడు 8,02,701వ సంవత్సరానికి వెళ్తాడు, మార్క్ ట్వేన్ 1889 నవలలో ఒక అమెరికన్ పాత ఇంగ్లండ్ గాథల్లోని ఆర్థర్ రాజు కాలంలో తేలి, సూర్యగ్రహణం సంగతి ముందే తెలిసి ఉండటం వల్ల మరణశిక్ష తప్పించుకుంటాడు. నన్ను కట్టిపడేసేది ఈ రెండో తరహా. యంత్రం ఎలా నడుస్తుందన్న వివరం లేకపోయినా ఫరవాలేదు గానీ, జేబులోని నాణెం చెల్లక, మాట్లాడింది ఎదుటివారికి సగమే అర్థమై, చదువుకున్న చరిత్రే ఆయుధమయ్యే ఘట్టాలు ఉండాలి.

మూడు నెలలుగా వెతుకుతున్నాను. మా గ్రంథాలయంలో నవలలన్నీ రచయితల పేర్ల వరుసలోనే ఉన్నందున, సుమారు 40 పుస్తకాల వెనుక అట్టలు చదివి చూసినా దొరకలేదు. ఇంటర్నెట్‌లో ‘కాలయంత్రం’, ‘కాలప్రయాణం’ అని వెతికితే అనువాదాలు, లేదంటే 1991 నాటి ‘ఆదిత్య 369’ సినిమా ముచ్చట్లే వచ్చాయి. పుస్తకాల దుకాణంలో చారిత్రక నవలలు చూపించారు. అవి మంచివే, కానీ వాటిలో మన కాలపు మనిషి లేడు.

నేటి మనిషి కాకతీయుల కాలానికో విజయనగర కాలానికో వెళ్లి అక్కడే చిక్కుకుపోయే, అనువాదం కాని తెలుగు నవల ఏదైనా మీరు చదివి ఉంటే, దాని పేరు, రచయిత పేరు చెప్పగలరా?