సాహిత్యం, కళలు, కమ్యూనికేషన్: చదువు ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (పర్లాకిమిడి దగ్గరి పల్లె నుంచి)

పెద్దలకు నమస్కారం. నేను ప్లస్ టూ వరకు ఒడియా మాధ్యమంలో చదివి ఈ యేడు బి.ఎ.లో చేరాను. మా ఇంట్లో మాట్లాడేది తెలుగే. చదవడం, రాయడం తాతగారి దగ్గర నేర్చుకున్నాను. కళలు, సాహిత్యం, కమ్యూనికేషన్ మూడింటినీ పరిచయం చేసే పేపరు ఒకటి మాకు ఉంది. పుస్తకంలో మొదట ఛందస్సు, తరువాత రససిద్ధాంతం, చివర సందేశం, మాధ్యమం, గ్రహీత అంటూ బాణాల గుర్తులతో బొమ్మలు ఉన్నాయి. ఈ మూడింటికీ పొత్తు ఏమిటో నాకు బోధపడలేదు. లక్షణాలన్నీ, అంటే ఆ నిర్వచనాలూ నియమాలూ, కంఠస్థం చేసిన తరువాతే కావ్యాలు చదవాలా, లేక ముందు ఏదైనా ఒక రచన చదవవచ్చా? ఒకవేళ చదివితే దేనితో మొదలుపెట్టాలి?

మొదటి సమాధానం (బరంపురం, విశ్రాంత అధ్యాపకుడు)

బాబూ, లక్షణాలతో మొదలుపెట్టవద్దు. ముందు ఒక నాటకం చదువు. నాటకమే ఎందుకంటే, రసాన్ని, అంటే కళను ఆస్వాదించేవారిలో కలిగే భావానుభూతిని, గురించి మనవాళ్లు మొట్టమొదట విస్తారంగా చర్చించింది కావ్యాల సందర్భంలో కాదు, భరతుడి నాట్యశాస్త్రంలో, రంగస్థలాన్ని దృష్టిలో పెట్టుకొని. విభావం (భావానికి కారణం), అనుభావం (భావం బయటికి కనిపించే తీరు), వ్యభిచారి భావం (మధ్యలో వచ్చిపోయే భావం) అన్న మాటలు పుస్తకంలో చూస్తే బరువుగా కనిపిస్తాయి కాని, నటుడి కనురెప్పలోనూ గొంతులోనూ చూసినప్పుడు అవి వాటంతటవే అర్థమవుతాయి. కావ్యాలకు ఆ సిద్ధాంతాన్ని అన్వయించడం తరువాతి ఆలంకారికులు, అంటే కావ్యశాస్త్రం రాసినవారు, చేసిన పని.

నా మాట వింటే గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కం తీసుకో. అది 1892లో విజయనగరంలో ప్రదర్శితమై, 1897లో అచ్చయింది. జనంలో చదివే అలవాటు ఇంకా వ్యాపించలేదు కాబట్టి, సంఘాన్ని కదిలించాలంటే రంగస్థలమే మార్గమన్న అభిప్రాయాన్ని ఆయన మొదటి కూర్పుకు ఇంగ్లీషులో రాసిన పీఠికలో చెప్పారు. చెప్పదలచిన విషయం, వినవలసిన జనం, ఆ జనానికి అందే మాధ్యమం, ఈ మూడింటినీ ఒక రచయిత ఎలా బేరీజు వేసుకున్నాడో అక్కడ కనిపిస్తుంది. మీ పుస్తకంలోని బాణాల బొమ్మ చెప్పేది కూడా ఇదే.

అందులో ఒక్క ఘట్టాన్ని నిదానంగా చూడు. వెంకటేశం తల్లి ముచ్చటపడి, కొడుకునూ అతని గురువు గిరీశాన్నీ కాసేపు ఇంగ్లీషులో మాట్లాడుకోమంటుంది. వాళ్లు పిల్లల పద్యాలూ, పాఠ్యపుస్తకంలోని పొంతనలేని వాక్యాలూ ఒకరికొకరు అప్పజెబుతారు. మాటల అర్థాన్నే సందేశమనుకుంటే అక్కడ ఏమీ చేరలేదు. అయినా గిరీశం చేరవేయదలచుకున్నది, అంటే తాను గొప్ప చదువరినన్న అభిప్రాయం, పూర్తిగా చేరింది. ఆ తల్లికి ఒకటి అందుతుంటే, సభలో కూర్చున్న ప్రేక్షకులకు వేరొకటి అందుతుంది. హాస్యం పుట్టేది ఆ తేడాలోనే. పరీక్షలో ఈ ఒక్క ఉదాహరణ రాసినా, నిర్వచనాలు నింపిన రెండు పేజీలకంటే మేలని నా అభిప్రాయం.

రెండవ సమాధానం (గుణుపురం)

మాస్టారి మాటను గౌరవిస్తూనే ఒక విషయంలో విభేదిస్తున్నాను. ఛందస్సును వెనక్కి నెట్టనక్కరలేదు. దాన్ని గణాల (పద్యపాదాన్ని విడదీసే ముక్కల) పట్టికతో కాకుండా చెవితో మొదలుపెడితే చాలు. సుమతీ శతకంలోని ఈ కంద పద్యపు మొదటి సగాన్ని చేత్తో తాళం వేస్తూ చదవండి:

ఉపకారికి నుపకారము
విపరీతము కాదు సేయ వివరింపంగా

మొదటి పాదాన్ని ‘ఉపకా, రికినుప, కారము’ అని విడదీస్తే ఒక్కొక్క ముక్కకు నాలుగేసి మాత్రలు (తేలిగ్గా పలికే అక్షరానికి ఒకటి, సాగదీసి పలికేదానికి రెండు) వస్తాయి. రెండవ పాదంలో అలాంటివే అయిదు ముక్కలు ఉన్నాయి. రెండు పాదాల్లోనూ రెండో అక్షరం ‘ప’ కావడం ప్రాస. రెండో పాదం మొదటి ‘వి’కి నాలుగో గణం మొదట ‘వి’ రావడం యతి. కంద పద్యపు నడక చేతికి పట్టుబడిన తరువాత గణాల పేర్లు నేర్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు. ఒడియా పద్యాలు రాగయుక్తంగా చదివిన అలవాటు మీకు ఉండే ఉంటుంది. అది ఇక్కడ అక్కరకు వస్తుంది.

కళల విభాగానికి మన గంజాం ప్రాంతపు ప్రహ్లాద నాటకాన్ని వీలైతే ప్రత్యక్షంగా చూడండి. దీని కర్తగా జలంతర రాజు రామకృష్ణ ఛోటరాయను చెబుతారు. ఆ జలంతర ఇప్పుడు సరిహద్దుకు అవతల శ్రీకాకుళం జిల్లాలో ఉంది. ఒడియాలో సాగే ఈ నాటకంలో పాటకూ, పాత్ర ప్రవేశానికీ ఉన్న పొందికను గమనిస్తే మన యక్షగానాల పోలికలు తెలుస్తాయి. రెండు భాషలూ వచ్చిన మీకు ఇది కలిసివచ్చే అంశం.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. కన్యాశుల్కానికి రెండు కూర్పులు ఉన్నాయని విన్నాను. ఏది చదవాలి? ఆ నాటకంలోని వాడుక మాటలు చూసి, పరీక్షలోనూ అదే భాషలో రాయవచ్చా?

మొదటి సమాధానం ఇచ్చినవారు

1909లో వెలువడిన రెండవ కూర్పు చదువు. గురజాడ దాన్ని దాదాపు తిరగరాసి, బాగా పెంచారు; వేశ్య మధురవాణి పాత్ర నిండుదనం సంతరించుకున్నది ఆ కూర్పులోనే. మొదటి కూర్పును తరువాత పక్కన పెట్టుకొని చూస్తే, రచయిత తన రచనను ఎలా దిద్దుకుంటాడో తెలుస్తుంది. వాడుక భాషను రచనలోకీ చదువులోకీ తీసుకురావాలని పోరాడిన గిడుగు రామమూర్తిగారు ఉపాధ్యాయుడిగా పనిచేసింది మీ పర్లాకిమిడిలోనే. అయితే పాత్రలు మాట్లాడే యాస వేరు, జవాబు పత్రంలో రాసే శిష్ట వ్యావహారికం, అంటే చదువుకున్నవారి వాడుక భాష, వేరు. ఇక్కడ ప్రశ్న రాసిన తీరులోనే అక్కడా రాయి. పాత్రల మాటలను ఉదాహరించవలసి వస్తే మాత్రం నాటకంలో ఉన్నది ఉన్నట్టు, ఉల్లేఖన చిహ్నాలలో పెట్టి రాయి, వాటిని సరిదిద్దబోకు.