ఫ్రిజ్ వెనక సాకెట్ ఉంచాలా, పక్క కప్‌బోర్డులోకి మార్చాలా?

కొత్తిల్లు
అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో కొత్త ఫ్లాట్, వచ్చే నెల గృహప్రవేశం. మాడ్యులర్ కిచెన్ పని చివరికొచ్చింది. ఫ్రిజ్‌కి వదిలిన గూట్లో బిల్డర్ ఇచ్చిన 16 ఆంప్స్ సాకెట్ సరిగ్గా మధ్యలో, నడుమెత్తులో ఉంది. ప్లగ్ అడ్డుపడి ఫ్రిజ్ మూడంగుళాలు ముందుకొచ్చేసింది. ఫ్లాట్ ప్లగ్ వేస్తే చాలని కార్పెంటర్, సాకెట్ పక్కకి మార్చాల్సిందేనని ఎలక్ట్రీషియన్. ఇద్దరికీ మాటల్లేవు. ఏం చెయ్యమంటారు?

కరెంటుమేస్త్రి
మార్చండి. ప్లగ్ పిన్ను సాకెట్లో వదులైతే అక్కడే వేడి పుడుతుంది. ముందు పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరుగుతుంది, తర్వాత వాసన, ఆ తర్వాత కరిగి అతుక్కుపోతుంది. కంటికెదురుగా ఉంటే వాసన దగ్గరే పట్టుకుంటారు. ఫ్రిజ్ వెనకుంటే ఐస్‌క్రీం కరిగాక తెలుస్తుంది. కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆపేసే ఎంసీబీ స్విచ్ ఉంది, అది పడుతుందిలే అనుకోకండి. వదులు పిన్ను వల్ల కరెంటు ఎక్కువ పారదు, వేడి మాత్రమే పుడుతుంది. దాని సంగతి ఎంసీబీకి తెలియదు.

మాడ్యులర్_డిజైన్
మేస్త్రి గారు అనవసరంగా భయపెడుతున్నారు. ఫ్రిజ్ లాగేదెంత? నడిచేటప్పుడు 150, 200 వాట్లు. మోటారు అందుకునే క్షణంలో కాస్త ఎక్కువ. 16 ఆంప్స్ సాకెట్‌కి అదొక లెక్కా? సాకెట్ అక్కడే ఉంచి స్విచ్ ఒక్కటి గట్టు పైన ఇవ్వండి. ఫ్లాట్ ప్లగ్ గోడకి అతుక్కుని ఉంటుంది. గాలి ఆడటానికి వెనక ఎలాగూ ఖాళీ వదలమంటారు, ఆ సందులోనే ప్లగ్ ఇమిడిపోతుంది.

కరెంటుమేస్త్రి
ఆ సందు గాలికి. ప్లగ్‌కి కాదు.

మాడ్యులర్_డిజైన్
అంత పెద్ద ఫ్రిజ్ వెనక అరచేతిలో పట్టే ప్లగ్ ఉంటే గాలి ఆగిపోతుందా?

కరెంటుమేస్త్రి
గాలి ఆగుతుందని నేనెప్పుడన్నాను? కింద ఊడ్చాక ఫ్రిజ్‌ని మోకాలితో వెనక్కి నెడతారు. ఆ బరువంతా ప్లగ్ మెడ మీద పడుతుంది. అక్కడ వైరు మడతపడి లోపలి తీగలు ఒక్కొక్కటే తెగుతూ వస్తాయి. ఇంకో మాట. ఫ్రిజ్‌తో వచ్చేది పోతపోసిన ప్లగ్. ఫ్లాట్ ప్లగ్ వెయ్యాలంటే దాన్ని కోసెయ్యాలి. కోసేముందు వారంటీ కార్డు ఒకసారి చదవండి.

మాడ్యులర్_డిజైన్
మళ్ళీ అడుగుతున్నా. రెండంగుళాల సందులో ప్లగ్ పడుతుందా, పడదా? అవునో కాదో చెప్పండి చాలు.

అద్దెకొంప
మా ఫ్రిజ్‌కి 16 నుంచి 6కి కన్వర్టరు పెట్టి ఎక్స్‌టెన్షన్ బాక్సుకి ఇచ్చాం. ఏళ్ళ తరబడి అలాగే నడుస్తోంది. ఊరికే టెన్షన్ పడుతున్నారు.

ట్రిపుల్‌ఈ_బ్యాచ్
@అద్దెకొంప ఫ్రిజ్‌తో ఏమీ కాకపోవచ్చు. 6 ఆంప్స్‌ని 230 వోల్టులతో హెచ్చవేస్తే 1,380 వాట్లు, ఆ బాక్సు తాహతు అంతే. రేపు ఖాళీ ఉంది కదా అని అందులోనే మైక్రోవేవ్ పెడతారు. దాని మీద 800 అని ఉంటే అది వండే శక్తి, గోడ నుంచి లాగేది 1,200 పైమాటే. ఇండక్షన్ స్టవ్ అయితే 2,000. అప్పుడు కాలేది మొదట ఆ కన్వర్టరే.

అద్దెకొంప
మాకు మైక్రోవేవ్ లేదు.

పొదుపుమనిషి
మేం రోజూ రాత్రి పడుకునేముందు ఫ్రిజ్ స్విచ్ ఆపేస్తాం. కాబట్టి స్విచ్ చేతికందేలా ఉండాలని నా ఓటు.

ట్రిపుల్‌ఈ_బ్యాచ్
రాత్రంతా ఆపితే పాలు పులుస్తాయండీ. పొద్దున్నే మళ్ళీ చల్లబడటానికి అదే మోటారు ఆపకుండా తిరగాలి. మిగిలేది ఏమంత ఉండదు.

పొదుపుమనిషి
మా పాలు ఎప్పుడూ పులవలేదు.

లెస్టర్_తెలుగు
ఇక్కడ ఇంగ్లండ్ వంటిళ్ళలో డిజైనర్ గారు చెప్పిన పద్ధతి మామూలే. గట్టు పైన వరసగా స్విచ్‌లు, ఒక్కోదాని మీద ఫ్రిజ్ అనో డిష్‌వాషర్ అనో రాసుంటుంది. సాకెట్లు గట్టు కింద. ఇక్కడి 13 ఆంప్స్ ప్లగ్‌కి వైరు కింది నుంచి వస్తుంది కాబట్టి గోడకి అంటుకుని ఉంటుంది. లోపల ఫ్యూజు కూడా ఉంటుంది. మనవాళ్ళు ఇదెందుకు నేర్చుకోరో!

కరెంటుమేస్త్రి
లెస్టర్ అన్నా, మీరే చెప్పారు, ప్లగ్‌లోనే ఫ్యూజు అని. మా ప్లగ్‌లో అదెక్కడుంది? ఇక్కడ ఒకే ఫ్రిజ్‌ని పండక్కి, పెయింటుకి, బొద్దింకల మందుకి ఎన్నిసార్లు లాగుతారో మీకు తెలియదు.

వంటింటి_అక్క
లాగేది ఎవరు? ఇందాకటి నుంచి చూస్తున్నా, ఆ మాట ఒక్కరూ అడగలేదు. మా ఇంట్లో ఓవెన్ ప్లగ్ టాల్ యూనిట్ వెనక ఇరికించారు. వానాకాలం ఉరుములొస్తే ప్లగ్ తీద్దామంటే ముందు ఓవెన్ మొత్తం బయటికి లాగాలి. డిజైన్ చేసినాయన ఫోటోలు తీసుకుని వెళ్ళిపోయాడు.

మాడ్యులర్_డిజైన్
అక్కా, ఆ డిజైన్ చేసింది నేను కాదు కదా!

వంటింటి_అక్క
మీరని ఎవరన్నారు తమ్ముడూ.

పాత_సివిల్
ఇంతసేపు వాదించారు, అసలు ఆ గోడ ఇటుకదా, కాంక్రీటుదా?

కొత్తిల్లు
మైవాన్ కట్టడం అండీ. గోడలన్నీ కాంక్రీటే. చెక్కడానికి వీల్లేదని సొసైటీ వాళ్ళు కాగితమే ఇచ్చారు.

పాత_సివిల్
అయితే సాకెట్ మార్చడం, బాక్సుని గోడ లోపలికి దింపడం, రెండూ మర్చిపోండి. ఆ గోడే భవనం బరువు మోస్తుంది. గాడి తీస్తే లోపలి ఇనుముకి తగులుతుంది.

మాడ్యులర్_డిజైన్
నేను మొదటి నుంచీ అంటున్నది అదే కదా, సాకెట్ అక్కడే ఉంచమని!

కరెంటుమేస్త్రి
కాదు. గోడ చెక్కకుండానే మార్చొచ్చు. ఉన్న బాక్సులో సాకెట్ తీసేసి మూత ప్లేటు వెయ్యాలి. అక్కడి నుంచి గోడ మీదే సన్నటి పీవీసీ కేసింగులో 2.5 స్క్వేర్ ఎంఎం వైర్లు పక్క కప్‌బోర్డులోకి. జాయింటు టేపు చుట్టి కాదు, కనెక్టరుతో. ఎర్తు వైరు తప్పకుండా. కప్‌బోర్డు వెనక ప్లై కోసి సాకెట్ గోడకే బిగించాలి. ఫ్రిజ్ వైరు పక్క ప్లైలో చిల్లు పెట్టి దూర్చాలి.

మాడ్యులర్_డిజైన్
తయారైన కప్‌బోర్డుకి చిల్లా? ఆ ప్యానెల్ వారంటీ ఎవరిస్తారు, మీరా? ప్రతి ఇంట్లో ఇదే తంతు. చివర్లో ఎలక్ట్రీషియన్ వచ్చి మా పని మీద డ్రిల్లు పెడతాడు.

కరెంటుమేస్త్రి
చివర్లో ఎందుకొస్తాడు? మీరు పిలిచేదే చివర్లో కాబట్టి! ఫ్రిజ్ ఎక్కడ, ఓవెన్ ఎక్కడ అని డ్రాయింగు ఒక్కటి ముందే ఇస్తే ఈ గొడవే లేదు. పోయినేడు ఒక ఇంట్లో నేను పక్కన పెట్టిన పాయింటు కనపడుతోందని, చూడ్డానికి బాగాలేదని, ఓవెన్ వెనక్కి మార్పించారు. ఆర్నెల్లకి ప్లగ్ కాలింది. ఫోన్ ఎవరికొచ్చింది? నాకు. కొత్త సాకెట్, కొత్త వైరు, మనిషి కూలీ, అన్నీ నా జేబులోంచి. డిజైనర్ ఫోనే ఎత్తలేదు.

మాడ్యులర్_డిజైన్
అందుకని ప్రతి డిజైనర్ దొంగా? బోర్డు కనపడితే కస్టమర్ చివరి విడత డబ్బు ఆపేస్తాడు. మొబైల్లో ఫోటో చూపించి ఇందులో ఎక్కడైనా ప్లగ్ ఉందా అంటాడు. ఆ డబ్బు నాకెవరిస్తారు? నాకు మాత్రం వెనక దాచాలని సరదానా?

ట్రిపుల్‌ఈ_బ్యాచ్
అంటే ఇంతసేపూ మీరిద్దరూ కొట్టుకున్నది రెండంగుళాల సందు గురించి కాదన్నమాట.

వంటింటి_అక్క
@కొత్తిల్లు అమ్మా, ఫ్రిజ్ ముందుకొస్తే ఎవరికి ఇబ్బంది? నీకా?

కొత్తిల్లు
నాకు కాదక్కా. మూడంగుళాలు వచ్చినా నడవడానికి చోటుంది. కప్‌బోర్డులతో సమంగా లేదని మా ఆయన గొడవ. మా అత్తగారేమో ఊరెళ్ళేటప్పుడు ప్లగ్ చేత్తో తీసి చూసుకుంటే గానీ కదలరు. ఇద్దరి మధ్యా నేను.

వంటింటి_అక్క
అత్తగారి మాట వినండి. ఆయన ఫ్రిజ్‌ని పక్క నుంచి చూడ్డం మానేస్తే సరి.

పొదుపుమనిషి
స్విచ్ మాత్రం అందేలా పెట్టించండి.

కొత్తిల్లు
మేస్త్రి గారు చెప్పినట్టే కేసింగు వేయిస్తున్నాం. చిల్లు ఖర్చు మేమే పెట్టుకుంటామని రాసిస్తే కార్పెంటర్ ఒప్పుకున్నాడు. చిల్లు ఎంత సైజు ఉండాలి?

కరెంటుమేస్త్రి
వైర్ మేనేజర్ మూతలు 60 మిల్లీమీటర్లవి దొరుకుతాయి, ఆ సైజులో గుండ్రంగా కోసే హోల్ సా చాలు. ముందు మీ ప్లగ్ తలకాయ కొలవండి, కొన్ని దూరవు. చిల్లు అంచున మూత బిగించాకే వైరు దూర్చండి, ప్లై అంచు కోసుకుంటుంది. స్విచ్ కప్‌బోర్డు లోపల కాదు, గట్టు పైనున్న బోర్డులోకి తీసుకోండి.

మాడ్యులర్_డిజైన్
చిల్లు వెనక వైపుకి పెట్టించండి, తలుపు తీసినా కనపడదు.

కరెంటుమేస్త్రి
మళ్ళీ కనపడకూడదు అంటున్నారు చూశారా.